ఒక పూట చేతికొచ్చిన కార్డులు

శనివారం, ప్రొద్దుటూరు.

మా లేబర్ ఏజెన్సీ లైసెన్సు రెన్యువల్ కోసం ఈరోజు కడప నుంచి ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. కూలీల ఈఎస్ఐ కార్డులు కూలీల దగ్గరే ఉండాలని నిబంధన. మావాళ్లవి మాత్రం పులివెందులలో, అందరూ అన్న అని పిలిచే పెద్దమనిషి బీరువాలో ఉంటాయి. ఏజెన్సీ ఆయనది, పార్టీ కూడా ఆయనదే. కార్డు చేతికిస్తే మనిషి అవతలి పార్టీ కాంట్రాక్టరు దగ్గరికి పోతాడని ఆయన అనుమానం. అందుకే పొద్దున నేనే కట్ట తెచ్చి, జమ్మలమడుగు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచాను.

"కార్డు ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుందా?" అని ఆఫీసరు అడిగితే ఒక్కొక్కడూ పెండ్లికొడుకులా తలూపాడు. కాగితం మీద సంతకం పడింది. జీపు కదలగానే కార్డులన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఓబులేసు ఒక్కడే ఇవ్వలేదు. పోయిన వారం కన్వేయర్ బెల్టులో వాడి చెయ్యి నలిగింది.

"ఇది ల్యాకుంటే ఆపరేషన్ చెయ్యరంట మామా. వేళ్లు తీసేయాల్సి వస్తాదంట."

"అన్న కట్ట లెక్కపెడతాడు రా. ఒకటి తగ్గితే నా తల తీస్తాడు."

"నీ తలతో ఆయనకేం పనప్పా, లోపల ఏమీ ల్యాకపాయ."

నవ్వొచ్చింది. వాడి కార్డు వాడికే వదిలేసి, సూపర్‌వైజరుగా నాకున్న కార్డు కట్టలో దూర్చాను. లెక్క సరిపోయింది. సాయంత్రం కట్ట పులివెందుల చేరింది.

సోమవారం ఓబులేసుకు ఆపరేషన్. ఆలోపు అన్న పేర్లు చదవకపోతే చాలు. చదివితే, తమాషాకు చేశానని చెబుతాను. ఇన్నేళ్ల నా కోతిచేష్టలు చూసినవాడు, ఆ ఒక్క మాట నమ్మకపోడు…