నిలపకుండా వేసిన గేరు

13-7-1961, గురువారం

ఈరోజు అచ్చంపేట దారి దిగుడులో జీపును నిలపకుండానే, నాలుగు చక్రాలకు బలమిచ్చే చిన్న గేరు కడ్డీని లాగాను. గరగరమని మధ్యలోనే ఇరుక్కుంది. ఇంజను పట్టు తప్పి బండి పరుగందుకుంది. బ్రేకు ఎంత తొక్కినా ఆగలేదు. చివరికి మట్టిగట్టుకు ఒరిగి నిలిచింది.

పక్కనున్న మామ తలపాగా సరిచేసుకుని, "నడిచే ఎద్దులకు ఎవడన్న కాడి మారుస్తడా అల్లుడా? జర నిలపాలె గద!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇరుక్కున్న కడ్డీని ఎలాగో విడిపించి ఇంటికొచ్చి చూస్తే, వేసినా గేరులో నిలవక దానంతటదే జారుతోంది. రేపు సేటు కోడలిని, నిండు చూలాలిని, అదే దిగుడులో అచ్చంపేట దవాఖానకు తీసుకుపోవాలి. బండి సేటుది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే...

మామ ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఇక చెప్పవలసింది నేనొక్కణ్ణే. ఇప్పటికి రెండుసార్లు చెప్పులు తొడిగి విప్పాను.