బొట్టు చెదరని కంప్యూటర్

కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ హెచ్ఓడీ భానుచందర్ సార్‌కు,

నిన్న మీరిచ్చిన మెమోకు ఇది నా జవాబు. ల్యాబుల నేను వైరస్ ఎక్కించిన్నని రాసిన్రు. అది వైరస్ కాదు సార్. డిపార్ట్‌మెంట్ల నలభై కంప్యూటర్లకు పాత లినక్స్ ఆపరేటింగ్ సిస్టం తీసి కొత్తది ఎక్కించే పని. ఒక్కొక్కదాని ముందట కూసోని చేస్తే నెల పడ్తది. నేను పెట్టిన చిన్న టూల్‌కు ఒక్క లైను కమాండ్ కొడితే అన్నీ అదే చూసుకుంటది. నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలు ఉరుకుతున్నయంటే పని నడుస్తున్నట్టు. ఈ సంగతి ఫస్టియర్ పిల్లలకు సుత తెలుసు. మీరేమో అవి చూసి ఉరికొచ్చి కరెంటు మెయిన్ బంద్ చేసి, కాలేజీని కాపాడిన్నని ప్రిన్సిపాల్ సార్‌తోటి శాలువ కప్పించుకున్నరు.

మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. మధ్యల కరెంటు పోతే ఆగిన కాడికెల్లి మళ్ల మొదలువెట్టే కమాండ్ కూడ ఆ టూల్‌ల ఉన్నది. పొద్దున కొట్టిన. ముప్పై తొమ్మిది మంచిగ లేచినయి.

మిగిలింది మీ రూముల కంప్యూటర్ ఒక్కటే. అది ఆన్‌ల లేకపాయె, టూల్‌కు అందలే. ఆన్ చేద్దామని పోయిన. నిరుడు దసరా పూజల అటెండర్ సమ్మమ్మ పవర్ బటన్ మీద పెట్టిన కుంకుమ బొట్టు ఇంక చెదరలే. నాకు చెరపబుద్ధి కాలే. దయచేసి మీరే ఒత్తుండ్రి. బటన్ యాడుంటదో తెల్వకపోతే బొట్టు కింద చూడుండ్రి.

ఇట్లు,
మీ ల్యాబ్ అసిస్టెంట్