వెనక తలుపు మీద పేరు

కొత్తవలస
ఆదివారం సాయంత్రం

రత్నం అక్కకు ప్రకాష్ రాసేది. దేవుని దయవల్ల నేనూ గ్లోరీ కులాసా. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బావ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు. ఆయన చదివినా మంచిదే.

మేం కాపురముంటూ సువార్త సభలకు తిరిగే వ్యాను కల్వర్టు గోడకు గుద్దుకుని వెనక తలుపు సొట్టపోయిందని నీకు ఫోన్‌లో చెప్పాను కదా. సుత్తితో నేనే సరిచేసి, పుట్టీ పెట్టి, నీలం రంగు పూశాను. పాత నీలంతో కలవలేదు. దాని మీద బావ రాసిన ‘కృపా నిలయం’ అన్న పేరు చెరిగిపోతే అదీ నేనే రాసేశాను. పక్షవాతం వచ్చిన ఆయన చేతిని కష్టపెట్టడం ఎందుకనుకున్నాను.

ఈ పొద్దున బావ చెప్పకుండా దిగాడు. తలుపు చూసి, “నా సెయ్యి వణుకుతాది గానీ పడిపోనేదురా. నన్నొక్క మాట అడగనేకపోయావేటి?” అన్నాడు. గ్లోరీ అన్నం వడ్డించినా ముట్టకుండా బస్సెక్కేశాడు. ఆయన మరిచిపోయిన సంచిలో పాత రంగుల చొక్కా, కిరసనాయిలుతో కడిగిన కుంచెలు ఉన్నాయి. ఆ పని చేద్దామనే వచ్చాడన్నమాట.

బావ మందులు వేళకి వేసుకుంటున్నాడా? గ్లోరీ కుక్కరు గాస్కెట్టు మీ ఇంట్లో ఉండిపోయింది, ఆయన వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

నేను రాసిన పేరు ఎమెరీ కాగితంతో రుద్దేశాను. సంచి మాత్రం పంపను, బావే వచ్చి తీసుకోవాలి. అందాకా మా ఇల్లు పేరు లేకుండానే తిరుగుతుంది.

నీ తమ్ముడు