నువ్వు లేకుండా దించిన వాయి

సుజాతా,

నువ్వు వెళ్లిపోయి నేటికి ఏడాది. మనమిద్దరం అనుకున్న కాఫీ గింజలు వేయించే దుకాణాన్ని ఈ ఉదయమే గోదావరిఖనిలో తెరిచాను. బోర్డు మీద నా పేరు పక్కన బి.ఏ. అని రాయించాను. నువ్వుంటే నవ్వేదానివి. కానీ అది డ్యూటీ దిగాక రాత్రి కాలేజీకి వెళ్లి సంపాదించుకున్న చదువు.

ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చిన నా ముక్కుకు వాసన తెలియదు. ఇంట్లో గింజలు వేయించినప్పుడల్లా వాకిట్లోనుంచి నువ్వే, “ఇగ దించు, మాడుతున్నయ్” అని కేకవేసేదానివి. నువ్వు పోయాక వేయించిన ప్రతి వాయీ మాడ్చాను. దుకాణం తెరవడానికే భయపడ్డాను.

ఈ రోజు కళ్లు మూసుకుని, గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చప్పుడు విన్నంత శ్రద్ధగా, గింజల చిటపటలు విన్నాను. అవి నెమ్మదించగానే దించేశాను.

పక్కింటి లక్ష్మక్క మొదటి కప్పు రుచి చూసింది.

“మస్తుగున్నది తమ్మీ! దించుమని ఎవలు చెప్పిన్రు?”

“ఎవ్వలు చెప్పలే అక్కా.”

ఆ మాట గర్వంగా అనాలనుకున్నాను. కానీ అంటూనే వాకిలి వైపు చూశాను. లక్ష్మక్క కూర్చుని కప్పులో ఉన్నదంతా తాగింది.