వెనక అద్దం

ఒక్క అద్దం చాలేటట్టయితే మన సెలూన్లో ముందొకటి, వెనకొకటి ఎందుకు పెట్టారంట? నిన్న ఓనరు బాబాయ్ గారిని ఇదే అడిగేశానురా సూరీ. వెనకది తీసేసి టీవీ పెడతారట.

"టీవీ ఉంటే కొబ్బరి లారీలోళ్ళు లోడింగయ్యేదాకా ఇక్కడే కూర్చుంటారు కదరా."

"ఉంచండి బాబాయ్ గారూ. సూరిగాడికి ఇష్టమండి."

"ఆడు పోయి ఏడాదయ్యింది కదరా," అన్నారు మెల్లగా.

నువ్వు ఈ కుర్చీలో కూర్చుని ఫోన్ లైటు వేస్తే, అద్దంలో అద్దం, అందులో ఇంకో అద్దం, అన్నిట్లోనూ లైటు. లోపలికి పోయేకొద్దీ కాలవ నీళ్ళలా ఆకుపచ్చగా మసకబారేవి. "ఒక్కోటీ ఒక్కో లోకంరా. ఏదో ఒకదాంట్లో నువ్వు బడి మానేసుండవు," అనేవాడివి. "ముందు నీ బుర్ర పక్కకి తియ్యరా, లోపలివి కనపడట్లేదు," అని తిట్టేవాణ్ణి.

ఈ పొద్దున షాపు తుడిచి, నీలాగే ఫోన్ లైటు వేశాను. అడ్డమేమీ లేదు. కనిపించినంత వరకూ అన్నిట్లోనూ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ ఆకుపచ్చ మసకలో మాత్రం ఏముందో తెలియలేదు. రేపు ఇంకా పెద్ద లైటు తెచ్చి చూద్దామనుకున్నాను.

బాబాయ్ గారు స్క్రూలు విప్పేశారు. "ఒరేయ్, అటు పట్టుకో, జారిపోద్ది!" అంటున్నారు. వెళ్ళాలిరా.