చీపురుగడ్డి పట్టీ

ముంచింగిపుట్టు,
ఏప్రిల్ 2003.

సన్యాసిరావు సార్‌కి నమస్కారాలు. సర్వేకి మీతో తిరిగిన అమ్మాయినండి.

కాఫీ పండ్లు కడిగే యార్డు కింద అడ్డంగా గడ్డి పట్టీ ఉంటే చాలు, వాననీటితో మురికి మేం తాగే ఊటలోకి దిగదని మీ కంప్యూటర్ లెక్క చెప్పింది కదా. మొన్నటి మొదటి గాలివానకే ఊట నల్లబడిపోయింది. పిల్లలకి వాంతులు. మా మేనకోడలు బేబి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

తప్పు కంప్యూటర్‌ది కాదండి. గడ్డి ఏడాదంతా ఉంటుందా అని మీరడిగితే ఉంటుందన్నాను. అది కొండచీపురు గడ్డి. మాఘంలో మా ఆడవాళ్లు మొదలంటా కోసి, చీపుర్లు కట్టి సంతలో అమ్ముకుంటారు. ఆ మాట చెబితే మీరు కోత ఆపమంటారని భయపడ్డాను.

వేసవిలో నేల బోడిగా ఉంటుందని పెట్టి మళ్లీ లెక్క కట్టండి. మురికి నిలవడానికి గుంత కావాలంటే మేమే తవ్వుతాం. కోత ఆపాలని మాత్రం రాయకండి సార్.

బేబి తల్లి, మా దేముడమ్మ వదినకి ఇదేమీ తెలీదు. "సారు మన ఊట కోసం అంత తిరిగినారు గదా, ఉట్టి ఉత్తరమేటి పంపుతావే?" అని ఒక చీపురు చేతిలో పెట్టింది. కాదనలేక దీంతోపాటే పంపుతున్నాను.

ఆ పట్టీలో కోసిన గడ్డేనండి.