తూర్పు చేని మీద చెక్క వంతెన

ఆళ్లగడ్డ, ఫిబ్రవరి 1957

నంద్యాల పురావస్తు తవ్వకాల ఆఫీసు గుమాస్తా గురుస్వామి గారికి రామేశ్వరమ్మ నమస్కారాలు.

మీరు తవ్వుతున్న తూర్పు చేను మాది. పెళ్లైన రెండో ఏడు నా పసిబిడ్డ పోతే మగవాళ్లు తీసుకుపోయి ఆ చేనిలోనే పాతిపెట్టారు. ఆడవాళ్లను రానివ్వరు కదా. ఎక్కడని అడిగితే మా అత్త, “యాడైతే నీకేంది? ఆడ కూసోని ఏడుస్తాండాలనా?” అనింది. ఆమె పోయింది, మా ఆయనా పోయాడు. చోటు చెప్పేవాళ్లు లేరు. జనం గుంతలు చూడటానికి చెక్క వంతెన వేశారట, నన్నూ ఎక్కనివ్వండి. బిడ్డ పక్కన కూర్చుని ఏడవాలని ఉంది.

ఇట్లు,
రామేశ్వరమ్మ

తా.క. నేను బరువు మనిషిని కాను. చెక్కలు విరగవు.

నంద్యాల, మార్చి

రామేశ్వరమ్మ గారికి వందనాలు.

మిమ్మల్ని ఎక్కనిచ్చిన పాపానికి నా ఉద్యోగం ఊగుతోంది. చూసి పొమ్మంటే ప్రతి ఆదివారం వంతెన నడిమధ్యన చతికిలబడుతున్నారు. అది చూసి మహానంది యాత్రికులు కింద దేవుడున్నాడని చెప్పులు విప్పుతున్నారు. నిన్న ఒకాయన కొబ్బరికాయ కొడితే చిప్ప మా ఆఫీసరు నెత్తిన పడింది. దయచేసి నిలబడి ఏడవండి.

విధేయుడు,
గురుస్వామి

తా.క. బిడ్డకని మీరు గుంతలో వేసిన పుట్నాలను ఆఫీసరు గారు పాతకాలపు గింజలనుకుని సీసాలో దాచి చీటీ అంటించారు. చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఆళ్లగడ్డ, మార్చి

అయ్యా గురుస్వామి గారూ,

చిప్ప సంగతికి మన్నించండి. ఈ ఆదివారం కుండలో పసిబిడ్డ ఎముకలు బయటపడ్డాయి. వంతెన మీద నుంచి కళ్లారా చూశాను. అది నా బిడ్డే. ఎక్కడికీ పంపవద్దు.

ఇట్లు,
రామేశ్వరమ్మ

తా.క. పుట్నాలు మొన్నటి సంతలోవి. కాస్త మాడాయి, అందుకే పాతవనుకున్నట్టుంది.

నంద్యాల, ఏప్రిల్

అమ్మా,

మీ ఉత్తరం చూసి, కుండ ఎత్తుకుపోతారని ఆఫీసరు గారు వంతెనకు కాపలా పెట్టారు. ఆ కుండ వేల ఏళ్ల నాటిది. అప్పట్లో పసివాళ్లను అట్లా పాతేవాళ్లట. మీ బిడ్డ కాదు. గుంతలు అడుగంటా తవ్వేశాం, వేరే బిడ్డ జాడ లేదు. వచ్చే వారం వంతెన విప్పేస్తాం. కుండ మద్రాసు పోతుంది.

మీ
గురుస్వామి

తా.క. పుట్నాల సంగతి చెప్పేశాను. చీటీ చించారు గాని, సీసా పారేయలేదు.

ఆళ్లగడ్డ, ఏప్రిల్

గురుస్వామి నాయనా,

నా బిడ్డ కాదని చూసిన రోజే తెలుసు. నా బిడ్డను నా పాత చీరలో చుట్టి తీసుకుపోయారు. వంతెన మీద జనమంతా కుండ ఎంత నునుపుగా ఉందో అన్నారే గాని, ఒక్కరూ అయ్యో అనలేదు. ఆ కుండలో బిడ్డ తల్లికీ బిడ్డ ఎక్కడుందో చెప్పి ఉండరు. అందుకే నాదన్నాను. మద్రాసులో ఎక్కడ పెడతారో రాయి. ఏదో ఒక బిడ్డ దగ్గరకైనా పోయి కూర్చుంటాను.

ఆశీస్సులతో,
రామేశ్వరమ్మ

తా.క. నంద్యాల దాకా బస్సు బాగా ఎగరేస్తుంది. తీసుకుపోయే మనిషిని కుండ ఒళ్లో పెట్టుకోమను.